పేరు మార్చుకొన్న దేశము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ గ్రంథాలయ వేదికపై నిలిచి మాటలాడు భాగ్యమును నాకు కలిగించిన కార్యవర్గమునకు కృతజ్ఞతలు. ఏ విషయమును గూర్చి చెప్పవలెనని నేనడుగగా, మీ పత్రికల బల్లయొద్ద జరిగిన చర్చ నొకదానిని కార్యదర్శిగారు నాకు తెలిపిరి. ఐరోపాలోని ఒక చిన్న దేశము ఒక సంఘమున చేరుటకై తన పేరునే మార్చుకొన్నదట. అయినను దానిని చేర్చుకొనలేదట. ఇది నిజమేనా, ఇట్లేల జరిగినది అని చందాదారు లొకరు ప్రశ్నించిరట. నేటి నా ప్రసంగ మా ప్రశ్నకు సమాధానమే.

ఆ సంఘము ఐరోపా సమాఖ్య. యూరోపియన్ యూనియన్ అని మీరు పత్రికలలో చూచుచుందురు. 1957లో రోము నగరమున ఆరు దేశములు చేసికొన్న సంధి దీనికి మూలము. ఇప్పుడందు 27 దేశములు కలవు. ఒక దేశపు సరుకును మరియొక దేశమున సుంకము లేకుండ అమ్ముకొనవచ్చును. ఒక దేశపు పౌరుడు మరియొక దేశమునకు పోయి పని చేసికొని బ్రదుకవచ్చును. వెనుకబడిన ప్రాంతముల రోడ్లకును, సేద్యమునకును ఉమ్మడి నిధినుండి ధనము వచ్చును. కనుక వెలుపలనున్న బీద దేశములు లోనికి పోవలెనని ఆశపడుట సహజము.

చేరదలచినవారికి నియమములు లేకపోలేదు. 1993లో కోపెన్‌హేగెన్ నగరమున వాటిని నిర్ణయించిరి. ప్రజాస్వామ్యము, చట్టబద్ధమైన పాలన, అల్పసంఖ్యాకులకు రక్షణ, పోటీకి తాళగల ఆర్థిక వ్యవస్థ ఉండవలెను. సమాఖ్య చట్టములను 35 అధ్యాయములుగా విభజించి ఒక్కొక్కదానిపై సంప్రదింపులు జరుపుదురు. ఇంతవరకు ఇది పరీక్షవంటిది. చదివినవాడు ఉత్తీర్ణుడు కావలసినదే. కాని చిక్కంతయు ఇక్కడనే కలదు. సంప్రదింపులు మొదలుపెట్టుటకును, అధ్యాయము తెరచుటకును, దానిని ముగించుటకును, తుదకు చేర్చుకొనుటకును లోపలి దేశములన్నియు ఏకగ్రీవముగా సమ్మతింపవలెను. ఇరువదియారు దేశములు సరేయన్నను ఒక్కటి కాదన్నచో తలుపు తెరచుకొనదు.

ఈ అధికారమును తొలుత చూపినది ఫ్రాన్సు. బ్రిటను 1961లో దరఖాస్తు పెట్టగా, 1963 జనవరిలో ఫ్రెంచి అధ్యక్షుడు డి గాల్ విలేఖరుల సమావేశములో కుదరదనెను. తక్కిన ఐదు దేశములు సుముఖముగానే యున్నను సంప్రదింపులు ఆగిపోయినవి. 1967లో మరల కాదనెను. ఆయన 1969లో పదవి విడిచిన పిమ్మట గాని దారి ఏర్పడలేదు. 1973లో బ్రిటను చేరెను. ఆ బ్రిటనే 2020లో తనంతట తాను వెడలిపోయినది. డి గాల్ జీవించియుండిన ఏమనియుండెడివాడో!

ఇక మీరడిగిన దేశము మాసిడోనియా. యుగోస్లావియా విచ్ఛిన్నమైనపుడు 1991లో స్వతంత్రమైనది. జనసంఖ్య ఇరువది లక్షలకు లోపే. పొరుగుననున్న గ్రీసు ఆ పేరునకు అభ్యంతరము చెప్పెను. గ్రీసు ఉత్తర భాగమునకును మాసిడోనియా అనియే పేరు. అలెగ్జాండరు వారసత్వము మాది, ఆ పేరు పెట్టుకొన్నవారు రేపు మా భూమి నడుగుదురు అని గ్రీకుల భయము. అందుచే 1993లో ఐక్యరాజ్యసమితిలో చేరునపుడు ‘పూర్వపు యుగోస్లావ్ గణతంత్రమగు మాసిడోనియా’ అను పొడవైన తాత్కాలిక నామముతో చేరవలసివచ్చెను. 2008లో నాటో కూటమి ఆహ్వానమును గ్రీసు అడ్డగించెను. 1995లో చేసికొన్న ఒప్పందమును గ్రీసు ఉల్లంఘించినదని 2011లో అంతర్జాతీయ న్యాయస్థానము తీర్పు చెప్పెను. వ్యాజ్యము గెలిచిరి, తలుపుమాత్రము తెరచుకొనలేదు.

తుదకు 2018 జూన్‌లో రెండు దేశముల సరిహద్దుననున్న ప్రెస్పా సరస్సు ఒడ్డున గ్రీసు ప్రధాని సిప్రాస్, మాసిడోనియా ప్రధాని జాయెవ్‌ల సమక్షమున ఒప్పందము కుదిరినది. ఇకపై ఆ దేశము ‘ఉత్తర మాసిడోనియా’. ఆ సెప్టెంబరులో ప్రజాభిప్రాయ మడుగగా, ఓటు వేసినవారిలో నూటికి తొంబదిమందికి పైగా సమ్మతించిరి. కాని ఓటు వేయ వచ్చినవారే నూటికి ముప్పదియేడుగురు. తక్కినవారిలో ఎందరు అలిగి ఇంట కూర్చుండిరో ఊహింపవచ్చును. 2019 ఫిబ్రవరిలో కొత్త పేరు అమలులోనికి వచ్చినది.

మనలో దత్తుడు ఇంటిపేరు మార్చుకొనును. కాని దత్తత జరిగినపుడే గదా మార్చుకొనునది! ఇచ్చట పేరు ముందు పోయినది, దత్తత జరుగలేదు. 2019 అక్టోబరులో ఫ్రాన్సు అడ్డుపడెను. చేర్చుకొను పద్ధతినే ముందు సంస్కరింపవలెననెను. 2020 మార్చిలో అది సమ్మతించినది. ఆ నవంబరులో బల్గేరియా లేచినది. మీ భాష మా భాషకు మాండలికమే, మీ చరిత్రలో సగము మాది, ఒప్పుకొనుడనెను. 2022లో ఒక రాజీ కుదిరి సంప్రదింపులు లాంఛనముగా ఆరంభమైనవి. కాని ముందుకు సాగవలెనన్నచో రాజ్యాంగమును సవరించి అందు బల్గేరియనుల పేరును చేర్చవలెను. దానికి శాసనసభలో మూడింట రెండువంతుల మద్దతు కావలెను. 2024 ఎన్నికలలో పేరు మార్పించిన పార్టీ ఘోరముగా ఓడినది; గెలిచిన పార్టీ ఆ సవరణకు అంగీకరింపనిది. వీరితో జతగట్టి నిలిపియుంచిన అల్బేనియాను ఆ యేటి అక్టోబరులో విడదీసి ముందునకు నడిపించిరి.

న్యాయస్థానములు స్వతంత్రముగా నున్నవా, లంచగొండితనము తగ్గినదా అని పరీక్షించుట సబబే. ఒకమారు లోనికి వచ్చినవారిని వెళ్లగొట్టు నిబంధన ఆ సంధులలో లేదు గనుక ముందే జాగ్రత్తపడుట తప్పుకాదు. కాని ఒక జాతి తన భాషను ఏమని పిలుచుకొనవలెనో పొరుగువాడు గుమ్మముకడ నిలిచి శాసించుట పరీక్ష కాదు, బేరము. ఆ బేరమున బలమంతయు లోపలివానిదే.

మరి ఈ ఏకగ్రీవ నియమమును తీసివేయరాదా అని మీరడుగవచ్చును. తీసివేయుటకును అందరు సమ్మతింపవలెను! అంతేకాదు, నేడు బయట నిలిచి బాధపడినవాడు రేపు లోపలికి పోగానే అదే అధికారము వానికిని దక్కును. క్రొయేషియా సంగతి చూడుడు. సముద్రపు సరిహద్దు తగవుతో 2008 చివరినుండి మరుసటి యేడు సెప్టెంబరువరకు స్లొవీనియా దానిని అడ్డగించెను. ఆ బాధ యెరిగిన క్రొయేషియా శాసనసభ, ఇరుదేశముల తగవులను అడ్డుపెట్టుకొని పొరుగువారి చేరికను ఆపరాదని 2011లో తీర్మానము చేసినది. ఆ దేశము 2013లో సమాఖ్యలో చేరెను. 2024 డిసెంబరులో మాంటెనెగ్రో ఒక అధ్యాయమును ముగింపబోగా, తమ ఇరువురి మధ్య తేలని తగవులున్నవని అడ్డుపడినది ఆ క్రొయేషియాయే.