శాలువాలతో ఇంటద్దె కట్టలేం: శాస్త్రీయ సంగీతం వృత్తిగా స్త్రీలు

(నాంపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ గురించి మాట్లాడేటప్పుడు మనం బీడీ కార్మికుల గురించి, ఇళ్ళల్లో పనిచేసే వారి గురించి, వ్యవసాయ కూలీల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. కానీ పాడటం, వాయించడం కూడా శ్రమేనని మనకు ఎందుకో తట్టదు. "అదృష్టవంతురాలు, సరస్వతీ కటాక్షం" అని ఊరుకుంటాం. కటాక్షం ఉన్నవాళ్ళకి కూలి అక్కర్లేదని మన లోపల ఎక్కడో ఉంది. ఈ రోజు ఆ విషయమే మాట్లాడదామని వచ్చాను.

అబిడ్స్ పక్కన రాంకోఠీలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. 1952లో మొదలైంది. అక్కడి నుంచి అబిడ్స్ మీదుగా నాంపల్లి వస్తే పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం, లలిత కళాతోరణం. ఇంకొంచెం ముందుకెళితే ఆకాశవాణి, 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి. అంటే ఒక సంగీత విద్వాంసురాలికి కావలసిన చదువు, పరీక్ష, రేడియో, వేదిక అన్నీ ఓపికుంటే కాలినడకన తిరిగిరాగలిగినంత దూరంలోనే ఉన్నాయి. సంగీతం క్లాసుకి వెళ్ళి చూడండి, ఆడపిల్లలే ఎక్కువ కనిపిస్తారు. మరి ఆ పిల్లలందరూ నలభై ఏళ్ళు వచ్చేసరికి ఎక్కడికి పోతున్నారు? ఇది నా ప్రశ్న.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక వయొలిన్ విద్వాంసురాలు ఉంటారు. నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అంటాను. ఆవిడ దగ్గర ఒక లెక్కల పుస్తకం ఉంది. ఏ రోజు ఎక్కడ కచేరీ, ఇస్తామన్నది ఎంత, ఇచ్చింది ఎంత, ఆటోకి ఎంత, పిల్లాడిని చూసుకున్న మనిషికి ఎంత, అన్నీ రాసుకున్నారు. చాలా పేజీల్లో "ఇచ్చింది" అన్న చోట అంకె లేదు, "శాలువా" అని ఉంది.

"అడగొచ్చు కదక్కా?" అన్నాను.

"అడిగితే మళ్ళీ పిలవరమ్మా. మగవాళ్ళు అడిగితే విద్వాంసుడు, గట్టివాడు అంటారు. నేనడిగితే డబ్బు మనిషి అంటారు. బీరువా నిండా శాలువాలే. వాటితో ఇంటద్దె కట్టలేం కదా!"

ఈ "డబ్బు మనిషి" అన్న నింద ఎక్కడిదో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళాలి.

ఇదే నాంపల్లిలో మహలకా బాయి చందా హవేలీ ఉండేదనీ, తర్వాత ఆ చోటనే ఆడపిల్లల విద్యాసంస్థ వెలిసిందనీ చెబుతారు. 1768 నుంచి 1824 వరకు జీవించిన ఈమె గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. నిజాం దర్బారు నుంచి జాగీర్లు పొందింది. తన ఆస్తిని తానే నిర్వహించుకుంది. ఎందరో ఆడపిల్లలకు కళ నేర్పించింది. మౌలాలి గుట్ట కింద తల్లికి కట్టించిన సమాధి ఆవరణలోనే తానూ నిద్రిస్తోంది. కళని వృత్తిగా నిర్మించుకుని నిర్వహించుకోవడం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

బెంగుళూరు నాగరత్నమ్మ సంగతి మీకు తెలుసు. ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో పరిష్కరించి అచ్చు వేయించి, ఆనాటి సంస్కర్తల ఆగ్రహానికీ, ప్రభుత్వ నిషేధానికీ ఎదురు నిలిచిన మనిషి. పాడి సంపాదించిన డబ్బుతోనే తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి మందిరం కట్టించింది. అక్కడి ఆరాధనలో స్త్రీలను పాడనివ్వకపోతే 1927లో స్త్రీలతోనే వేరుగా ఆరాధన జరిపించింది. మద్రాసులో తన సంపాదన మీద ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆమేనని చెబుతారు. పన్ను కట్టడమంటే "ఇది నా వృత్తి, ఇది నా సంపాదన" అని ప్రభుత్వానికి రాసివ్వడమే.

ఆ తర్వాత ఏం జరిగింది? 1946లో రేడియో శాఖ సర్దార్ పటేల్ చేతిలో ఉండగా, వ్యక్తిగత జీవితం "అపవాదు"కు గురైన స్త్రీలకు ఆకాశవాణిలో చోటు లేదన్నారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లల్ని దేవుడికి అంకితం చేసే ఆచారం పోవలసిందే. అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఆచారంతో పాటు ఆ స్త్రీల వృత్తినీ తీసేశారు, మరో బతుకుతెరువు చూపించలేదు. వారి చేతుల్లోంచి తీసుకున్న కళని "కుటుంబ స్త్రీల" చేతుల్లో పెట్టారు, ఒక షరతు మీద: మీరు వారిలాంటివారు కాదని ఎప్పటికప్పుడు రుజువు చేసుకుంటూ ఉండాలి. రుజువు ఎలా? డబ్బు అడగకపోవడమే. మర్యాద దక్కింది, కూలి పోయింది. కళావంతుల ఇళ్ళ స్త్రీలకు వృత్తి పోయింది, అగ్రవర్ణ స్త్రీలకు వృత్తి రాలేదు. మా అక్క లెక్కల పుస్తకంలో ఆ ఖాళీ గడులు ఈ చరిత్ర నుంచి వచ్చినవే.

ఇక ఇల్లు. కచేరీలు సాయంత్రం. ఇంట్లో వంట, పిల్లల చదువులు కూడా సాయంత్రమే. సాధకం తెల్లవారుజామున. పాలు కాచడం, టిఫిను డబ్బాలు కట్టడం కూడా అప్పుడే. పక్క వాద్యం వాయించే స్త్రీకి ఇంకో ఇబ్బంది: రాత్రి ప్రయాణం, ఊరుకాని ఊళ్ళో బస. ఇన్నిటి మధ్య నిలబడ్డవాళ్ళు లేకపోలేదు. శ్రీరంగం గోపాలరత్నం ఈ నగరంలోనే సంగీత కళాశాలలో, తెలుగు విశ్వవిద్యాలయంలో బాధ్యతలు నిర్వహించారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాళ్ళ వాద్యమనుకునే మృదంగంతో దండమూడి సుమతి 2021లో అదే పురస్కారం పొందారు. వారిని చూపించి "వాళ్ళు చేయలేదా?" అని మిగతా వాళ్ళ నోరు మూయించడం మాత్రం అన్యాయం.

గురుకుల సంబంధం గురించి కూడా మాట్లాడాలి. 2018లో కర్ణాటక సంగీత రంగంలో స్త్రీలు నోరు విప్పాక, చెన్నై మ్యూజిక్ అకాడమీ ఆ ఏడాది డిసెంబరు కచేరీల నుంచి ఏడుగురిని తప్పించింది. 2013 చట్టం పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల నుంచి వచ్చే ఫిర్యాదుల కోసం జిల్లాకో స్థానిక కమిటీ ఉండాలంటుంది. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. చిన్న సభల్లో పాడే స్త్రీలకు ఈ కమిటీ ఉందన్న సంగతే తెలియదు. ఇంటిని కూడా పనిచోటుగా ఆ చట్టం గుర్తించింది గానీ, ఆ ఇంట్లో పనికి కుదిరిన స్త్రీ గురించే చెప్పింది. గురువు ఇంట్లో కూర్చుని నేర్చుకునే శిష్యురాలికి జీతం లేదు, ఉద్యోగి కాదు. ఈ వెలితి గురించి మనం పట్టించుకోవాలి.

మరి ఏం చేయాలి? పిలిచిన వాళ్ళ దగ్గర పారితోషికం, ప్రయాణం ఖర్చు రాసి ఉన్న ఉత్తరం తీసుకోవాలి. రికార్డు చేస్తామంటే దేనికో, ఎక్కడ వాడతారో రాయించుకోవాలి. కాపీరైటు చట్టం ప్రదర్శకులకు ఆ హక్కు ఇచ్చింది. ఆకాశవాణి గ్రేడు కాగితాలు, రశీదులు దాచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్కొక్కరూ విడిగా అడగకుండా కలిసి ఒక కనీస మొత్తం అనుకోవాలి. అందరూ అడిగితే ఎవరూ "డబ్బు మనిషి" కారు.

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆ లెక్కల పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీలో తెలిసిన తారీఖు కనబడింది. మేం కొందరం కలిసి అబిడ్స్‌లో పెట్టిన మహిళా సదస్సు. సమాన పనికి సమాన వేతనం మీద రోజంతా మాట్లాడాం. మైకుకి ఇచ్చాం, భోజనాలకి ఇచ్చాం, బ్యానరు రాసినతనికి ఇచ్చాం. పొద్దున్నే వచ్చి సభ ప్రారంభానికి అరగంట వాయించిన అక్కకి? "ఇచ్చింది" అన్న చోట ఆవిడ గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: శాలువా. ఆ శాలువా కప్పింది నేనే.

అక్క నన్ను ఏమీ అనలేదు, టీ ఇచ్చింది. ఆ బాకీ తర్వాత తీర్చాను గానీ, సిగ్గు ఇంకా తీరలేదు. కాబట్టి ఈ సమావేశాన్ని నేను అడిగేది ఒకటే. మన సభల ఖర్చుల పట్టికలో మైకు పక్కన, భోజనాల పక్కన, పాడే మనిషి పారితోషికం అని ఇంకో వరస చేర్చుకుందాం. మిగతా సభల్ని నిలదీసే హక్కు మనకు ఆ తర్వాతే వస్తుంది.

సెలవు.