పాస్‌బుక్‌లో ఎవరి పేరుంది?

(సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగం)

 

పొద్దుటి నుంచి పెద్దలు మన భాష గురించి, తీజ్ గురించి, పాటల గురించి చక్కగా చెప్పారు. నన్ను రైతు భరోసా గురించి మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్‌కు దీంతో ఏం పని అనుకోవచ్చు. జూన్‌లో అడ్మిషన్లప్పుడు పిల్లల వెంట ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు వస్తాయి. ఆ కాగితాలు చూస్తూ తల్లిదండ్రులతో రెండు మాటలు మాట్లాడితే ఇంటి సంగతి సగం తెలుస్తుంది.

ముందు లెక్క చెప్పుకుందాం. 2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4 వేలు, అదీ చెక్కుల రూపంలో. మరుసటి ఏడాది 5 వేలైంది. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో 6 వేలు చేశారు, అంటే ఎకరాకు ఏడాదికి 12 వేలు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ వేరు. అందులో ఎకరాల లెక్క లేదు, కుటుంబానికి ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో.

ఈ పైసలు ఎవరు దున్నారో చూసి రావు, పాస్‌బుక్‌లో పేరు చూసి వస్తాయి. మన తండాల్లో చిక్కంతా ఇక్కడే. నారాయణఖేడ్, కంగ్టి, సిర్గాపూర్ వైపు చూడండి. ముగ్గురు కొడుకులకు మూడు పొయ్యిలుంటాయి. నాయక్, కార్‌భారి ముందు నోటిమాటతో పంచుకున్న గెట్లుంటాయి. పట్టా మాత్రం తాత పేరు మీదే ఉంటుంది.

మా హాస్టల్‌లో ఒక పిల్ల ఉంది. తండ్రికి నలభై దాటలేదు. వానాకాలం ఊళ్లో రెండెకరాల పత్తి, మిగతా రోజులు పటాన్‌చెరు వైపు కాంట్రాక్టు కూలి. ఆయన చనిపోయాక రైతు బీమా 5 లక్షలు వస్తాయని తల్లి నమ్మింది. ఆ బీమా 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారులకు. పట్టా ఉన్న తాతకు డెబ్బై దాటాయి. చనిపోయిన తండ్రికి పట్టా లేదు. ఒక్క రూపాయి రాలేదు. నిబంధన ప్రకారమే జరిగింది, ఎవరినీ అనడానికి లేదు. ఆ తల్లి ఇప్పుడు పాశమైలారంలో ప్యాకింగ్ పనికి పోతోంది. పిల్ల తొమ్మిదో తరగతి, లెక్కల్లో చురుకైనది. ఈ సెలవులకు ఇంటికి పంపితే మళ్లీ వస్తుందా అని నా భయం.

బీమా ప్రీమియం మనం కట్టేది కూడా కాదు, ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. గుంట భూమి పేరు మీదున్నా చాలు. అందుకే తాతలను, బాపులను చేతులు జోడించి అడుగుతున్నా. పేరు మారిస్తే కొడుకులు బువ్వ పెట్టరేమోనని మీ భయం. అది ఉత్త భయం కాదు, అట్లాంటి ఇళ్లు నేనూ చూశాను. మీ భాగం మీ పేరు మీదే ఉంచుకోండి, మిగతాది రిజిస్టర్ చేయించండి. కోడళ్ల పేరున కొంత రాయండి, పత్తి ఏరేది వాళ్లే కదా. ఎకరా లెక్క కాబట్టి పంచుకుంటే రైతు భరోసా తగ్గదు. పీఎం కిసాన్ పెరుగుతుందని మాత్రం ఆశపడొద్దు. 2019 ఫిబ్రవరి 1 నాటికి పేరున్నవాళ్లకే అని వాళ్లు గీత గీశారు, ఆ తర్వాత చావు వల్ల వారసత్వంగా వచ్చిన భూమికే మినహాయింపు.

రోడ్డు పక్క భూములున్నవాళ్లకు ఒక్క మాట. లేఅవుట్ చేసిన భూమికి, కంపెనీకి ఇచ్చిన భూమికి రైతు భరోసా రాదు.

భూమే లేనివాళ్ల సంగతి ఇంకో తీరు. ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఏడాదికి 12 వేలన్నారు. దానికి 2023-24లో 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలన్నారు. దసరా దాటగానే చెరకు కొట్టడానికి కర్ణాటక, మహారాష్ట్ర పోయేవాళ్ల జాబ్‌కార్డులో 20 రోజులు ఎక్కడివి? భూమి లేకనే వలస పోతారు, వలస పోయినందుకే లెక్కలోకి రారు. కౌలుకు చేసేవాళ్లదీ ఇంచుమించు ఇదే గతి. ఇది మనం కాగితాలు సరిచేసుకుంటే తీరేది కాదు. సంఘం తరఫున రాసి అడగాల్సిన విషయం, ఆ వినతిపత్రం మీద ఈరోజే సంతకాలు పెడదాం.

భోజనాలయ్యాక నేను వెనక గదిలో కూర్చుంటాను. రెవెన్యూలో చేసి రిటైరైన మన అన్న కూడా ఉంటారు. పాస్‌బుక్ జిరాక్స్, ఆధార్ తెచ్చుకోండి. పట్టాదారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం కూడా తేండి, విరాసత్ దరఖాస్తు అక్కడే రాసిస్తాం. బీమాలో నామినీగా రాసినవాళ్లు బతికున్నారో లేదో ఒకసారి చూసుకొని రండి.