లంకెబిందెలు ఎవరి సొత్తు?

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలో, ఒక పల్లె చెరువుకట్ట క్రింద, పాడుపడిన గుడి యొకటి కలదు. వ్యవసాయదారుల కార్యక్రమమునకై రైతుల మాటలు రికార్డు చేయుటకు ఆ ప్రాంతమునకు వెళ్ళినపుడు మేము దానిని చూచితిమి. నంది ప్రక్కకు దొర్లింపబడి యున్నది. దాని పీఠమున్న చోట నడుములోతు గొయ్యి. గొయ్యి చుట్టును ఎండిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. ఎవరో అంజనము వేయించి, అర్ధరాత్రి వచ్చి, లంకెబిందెలకై త్రవ్విపోయిరి.

మాతో వచ్చిన వృద్ధరైతు నవ్వి, “నంది కింద ఏముంటది సారూ, రాయి కింద రాయే” అన్నాడు. కొంత దూరము నడచిన పిదప మెల్లగా, “గని ఒక్క మాట. నా చెల్కల నాగలికి బిందె తగిలిందనుకో. సర్కారు మొత్తం గుంజుకుంటదా? నా పాలు నాకిస్తదా?” అని అడిగినాడు.

ఆనాడు మాకు సమాధానము తెలియలేదు. పట్టణమునకు వచ్చి చట్టము చదివితిమి. ఈ ప్రసంగము ఆ రైతుకు మేము పడిన బాకీ.

ఉర్దూలో దఫీనా యనియు, మన పల్లెలలో లంకెబిందెలనియు చెప్పుకొను ఈ సొత్తును గూర్చి భారతదేశములో మూలమైన శాసనము 1878 నాటిది. భూమిలో గాని, భూమిని అంటియున్న కట్టడములో గాని దాగియున్న విలువగల వస్తువేదైనను దాని దృష్టిలో నిధియే. ఆ విలువ పది రూపాయలకు మించినచో, దొరికినవాడు కలెక్టరుకు వ్రాతమూలముగ తెలుపవలెను. ఏమి దొరికినది, ఎంత, ఎక్కడ, ఏనాడు అనునవి అందుండవలెను. సొత్తును దగ్గరి ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను. లేదా అడిగినపుడు అప్పగించుటకు తగిన హామీ ఈయవలెను. పది రూపాయలనగా నేడు ఒక టీ నీళ్ళ ఖరీదు. శాసనములో ఆ అంకె మాత్రము 1878లో ఉన్నచోటనే ఉన్నది.

పిమ్మట కలెక్టరు ప్రకటన చేయును. హక్కుదారులు వచ్చి చెప్పుకొనుటకు నాలుగు మాసములకు తక్కువ గాక, ఆరు మాసములకు మించక ఒక దినము నిర్ణయించును. ఎవరును రానిచో, వచ్చినవారి హక్కు నిలువనిచో, నిధికి యజమాని లేడని ప్రకటించును. అప్పుడు పంపకము. దొరికినవాడే భూమికి యజమాని యైనచో వేరొకరితో పేచీ లేదు. దొరికినవాడు ఒకడు, భూమి మరియొకనిది యైనచో, వారిరువురి మధ్య ముందుగ ఒడంబడిక ఏదియు లేని పక్షమున, నాలుగింట మూడు పాళ్ళు దొరికినవానికి, ఒక పాలు భూస్వామికి. ఈ మాట కొంచెము ఆగి వినదగినది. పరుల చేనిలో బావి త్రవ్వు కూలివాని గడ్డపారకు బిందె తగిలినచో, ముప్పాతిక భాగము కూలివానిదే! ఈ సంగతి మన పల్లెలలో ఎందరు కూలివారికి తెలియును?

తెలుపక దాచినవాడు తన పాలు పోగొట్టుకొనును. పైగా ఒక సంవత్సరము వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును.

నిధి నూరేండ్లలోపల దాచబడినదని కలెక్టరుకు తోచినచో, దాచినవాడు గాని వాని వారసుడు గాని సివిలు కోర్టులో హక్కు స్థాపించుకొనుటకు గడువీయవలెనని చట్టము. మన తెలంగాణములో ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. 1947, 48 సంవత్సరములలో రజాకార్ల అలజడి నాడు ఎన్ని కుటుంబములు నగలు, వెండిరూకలు గోడలలో, పెరళ్ళలో పూడ్చి ఊరు విడిచినవో పెద్దలు ఇప్పటికిని చెప్పుచుందురు. ఆ మూటలకు నూరేండ్లు ఇంకను నిండలేదు.

సముద్రతీరమున పద్ధతి వేరు. పగిలిన ఓడను గూర్చి 1958 నాటి వర్తక నౌకల చట్టము, దొరికిన వస్తువును అందుకై నియమింపబడిన అధికారికి అప్పగింపవలెనని విధించి, యజమానికి ఒక సంవత్సరము గడువిచ్చినది. కాపాడినవారికి కాపుదల సొమ్ము ముట్టవలెనన్నది. ఓడకు పేరుండును, పత్రములుండును, యజమాని ఎక్కడనో బ్రతికియుండును. బిందెకు అవియేవియు లేవు. నేలమీది శాసనము దొరికినవాని మాటనే ఇంతగా నమ్ముకొనుట అందువలననే.

ఇక దొరకుట వేరు, వెదకుట వేరు. గుడిని, కోటను, పరుల భూమిని దొంగచాటుగ త్రవ్వువానికి వాటా మాట అటుంచి, నేరము మిగులును. అయితే ఈ ఆశ సామాన్యులకే పరిమితమనుకొనరాదు. 2011లో హైదరాబాదు నౌబత్ పహాడ్ వద్ద ఒక పాఠశాల ఆవరణలో ప్రభుత్వశాఖయే త్రవ్వినది. 2013లో ఉత్తరప్రదేశములోని డౌండియా ఖేడాలో ఒక సాధువు కన్న కల వార్తలకెక్కగా, కేంద్ర పురావస్తుశాఖ పలుగు పట్టినది. 2017లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలోను అట్లే జరిగినది. మూడుచోట్లను చెప్పుకొన్న బంగారము కానరాలేదు. ప్రభుత్వమే ఇట్లు త్రవ్వుచుండగా, ఎల్లారెడ్డి యువకుని అంజనము వేయించవద్దని మందలించుట ఎవరికైనను కష్టమే.

చట్టములో ఒక లోపము కూడ మాకు తోచుచున్నది. ప్రభుత్వము నిధిని తీసికొనదలచినచో, అందలి లోహము వెలయు, ఆ వెలలో అయిదవ వంతు అదనముగను ఈయవలెనని యున్నది. బంగారమునకు ఇది న్యాయమే. మరి రాగినాణెమునకో? రాజు పేరు చెప్పు నాణెమైనను, రాగి ధరకే లెక్క! అందువలన అది దొంగబేరగాని చేతికో, కంసాలి మూసలోనికో పోవును. పురావస్తువులను దేశము దాటించువానికి 1972 నాటి చట్టము ఆరు నెలలకు తక్కువ గాని, మూడేండ్ల వరకు గల శిక్ష విధించినది. కాని కరిగిన నాణెమును ఏ శిక్ష తిరిగి తేగలదు?

కరుగక నిలిచిన నాణెము లేమి చేయునో కోటిలింగాల చెప్పును. గోదావరి యొడ్డున ఆ పల్లెలో మట్టినుండి బయటపడిన నాణెములను సంగనభట్ల నరహరిశర్మగారు సేకరించి, శాసనపండితులు పరబ్రహ్మశాస్త్రిగారికి అందజేసిరి. గోబద, నారన, కంవాయ, సమగోప అను రాజుల పేర్లు అప్పుడు చరిత్రలోనికి వచ్చినవి. శాతవాహనుల తొలిరోజుల కథకు తెలంగాణమున ఆధారము దొరికినది. ఆ నాణెములను తూచి అమ్మినచో ఎంత వచ్చియుండునో మీరే ఊహింపుడు.

కనుక బిందె తగిలినచో మొదట నాగలి ఆపవలెను. దానిని కడుగరాదు, పగులగొట్టరాదు, చుట్టునున్న మట్టిని కదల్చరాదు. ఏ లోతున, ఏ మట్టిలో, దేని ప్రక్కన ఉన్నదో చూచినగాని పురావస్తుశాఖవారు దాని కాలమును చెప్పజాలరు. నలుగురు చూచుచుండగా తహసీలుదారుకు కబురంపి, పంచనామా వ్రాయించి, కలెక్టరుకు ఇచ్చు కాగితమునకు నకలు దగ్గర నుంచుకొనవలెను. ఆ నకలే రేపు వాటాకు ఆధారము.

మా రైతు చెలకలో ఇంతవరకు బయటపడినవి నల్లని, ఎర్రని కుండపెంకులు మాత్రమే. ఊరి పాటిగడ్డ నుండి వానకు కొట్టుకొని వచ్చినవట. అవి పది రూపాయలు చేయవు. కలెక్టరుకు తెలుపవలసిన పని లేదు. గట్టుమీద కుప్పగా పోసియున్న ఆ పెంకులలో రెండింటిని మేము అడిగి తెచ్చి, తెలిసినవారికి చూపితిమి. ఆ పొలము ఎక్కడిదని వారు వెంటనే అడిగిరి.