రిఫ్లెక్టరు పట్టిన మనిషి
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా గురించి మాట్లాడతామనగానే కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. భయపడకండి. పాటల జోలికీ, వేషాల జోలికీ మేము పోము. ఒక పనివాడి సంగతి చెప్పి కూర్చుంటాం.

మూకీల రోజుల్లో బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ గారి ఇంపీరియల్ ఫిలిం కంపెనీ ఉండేది. బెంగుళూరులో పుట్టిన హెచ్.ఎం. రెడ్డి గారు అందులో రిఫ్లెక్టరు బాయ్‌గా చేరారు. అప్పట్లో చిత్రీకరణ చాలావరకు ఎండలోనే. తళతళలాడే పలకను ఎండకు పట్టి, ఆ వెలుగు నటుల ముఖం మీద పడేట్టు తిప్పుతూ ఉండాలి. సూర్యుడు జరిగేకొద్దీ మనిషీ జరగాలి. తెర మీద వెలుగు కనిపిస్తుంది, పలక పట్టినవాడు కనిపించడు.

అక్కణ్ణించి ఆయన సహాయ దర్శకుడయ్యారు. మూకీ అని పేరేగాని, తీసేచోట అంతా గోలే! కెమెరా తిరుగుతుండగానే దర్శకుడు కేకలేసి చెప్పవచ్చు, మాట రికార్డు కాదు గదా. 1930లో పృథ్వీరాజ్ కపూర్‌తో 'విజయకుమార్' మూకీ తీసి రెడ్డిగారు దర్శకులయ్యారు. అన్నట్టు, మన మెహబూబ్ ఖాన్ కూడా ఆ కంపెనీ మనిషే. 1927 నాటి 'అలీబాబా'లో నలభైమంది దొంగల్లో ఒకడు!

1931 మార్చి 14న ఇరానీగారి 'ఆలం ఆరా' విడుదలైంది. మాటలొచ్చాయి. దాంతో లెక్క మారింది. మూకీల్లో మహారాజులా వెలిగిన మాస్టర్ విఠల్‌కు ఉర్దూ సరిగా రాదని, హీరో అయినా ఆయనకు మాటలు తగ్గించారు. పెద్ద తార సులోచన హిందుస్తానీ నేర్చుకోవడానికి కొంతకాలం సినిమాలు ఆపుకోవలసి వచ్చింది. దక్షిణాదికి టాకీ తీయాలనుకున్నప్పుడు ఇరానీగారు ఆ పనిని తెలుగు వచ్చిన రెడ్డిగారికి అప్పగించారు. 1931 అక్టోబరు 31న వచ్చిన 'కాళిదాసు'లో టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడారు, హీరో తెలుగులో జవాబు చెప్పారు! జనం నవ్వలేదు, ఎగబడి చూశారు. తర్వాత పూర్తి తెలుగులో 'భక్త ప్రహ్లాద'. దాని విడుదల తేదీ 1931 సెప్టెంబరు 15 అని చాలాకాలం చెప్పుకున్నారు. 1932 ఫిబ్రవరి 6 అని ఆ తర్వాత పరిశోధకులు తేల్చారు.

ఇదంతా ఎందుకంటారా? మేము ఉర్దూ మీడియం పంతుళ్లం. తెలుగు పీరియడ్ రాగానే మా పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారు. తప్పంతా వాళ్లది కాదు, మేమూ అలాగే చదివాం. తర్వాత ఆఫీసులో దరఖాస్తు నింపడానికి ఇంకొకరి చెయ్యి పట్టుకున్నాం. ఆ సిగ్గు మాకింకా గుర్తే. ఉర్దూ వదలమని ఎవరూ అనడంలేదు. అది మన అమ్మ మాట, ఇంట్లోనూ బడిలోనూ ఉండాల్సిందే. దాని పక్కనే తెలుగు కూడా చదవడం, రాయడం రావాలంటున్నాం.

వచ్చే వేసవి సెలవుల్లో, అసర్ నమాజు తర్వాత రోజూ గంటసేపు మేము తెలుగు చెబుతాం. ఫీజు లేదు. సొసైటీవారు ఒక గది ఇప్పిస్తే చాలు. నల్లబల్ల, సుద్దముక్కలు మేమే తెచ్చుకుంటాం. ఆడపిల్లల్ని కూడా పంపండి. పేర్లు ఈ రాత్రే కార్యదర్శిగారికి ఇచ్చి వెళ్లండి.