అజరయ్య అయ్యగారు అడిగిందీ, బాబాసాహెబ్ అడిగిందీ
(ఉంగుటూరు సభలో మాట్లాడిన మాటలు)

 

మన పేటల్లో గుడి అంటే చర్చి, అయ్యగారంటే పాస్టరు. అలాంటి ఒక అయ్యగారి సంగతి ఇవాళ మాట్లాడుకుందాం. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి సీమలో ఒక పల్లెటూరి పాస్టరు ఇంట్లో పుట్టారు. నాడార్ కులం. తాటిచెట్లెక్కి బతికిన కులం, దేవాలయాల గడప తొక్కనివ్వని కులం. 1909లో అభిషేకం పొంది అయ్యగారయ్యారు. తెలుగు నేర్చుకొని నైజాం ఇలాకాలోని డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1841లో బందరులో మొదలై మన ఏలూరు దాకా పాకిన సి.ఎం.ఎస్. మిషను సంఘాలు కూడా తర్వాత ఆయన కిందికే వచ్చాయి. 1945లో కన్నుమూసేదాకా ఆయన మందలో ఎక్కువమంది మనవాళ్ళే, మాలలూ మాదిగలూ.

బిషప్పు కాకముందే, 1910లో, ఎడింబరో మహాసభలో ఆయన తెల్లదొరల మొహం మీదే ఒక మాటన్నారు. మీరు మాకు సొమ్మిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ స్నేహితులుగా పక్కన కూర్చోబెట్టుకోలేదు అని. ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు.

పాతికేళ్ళకు అలాంటి ప్రశ్నే ఆయన ముందుకొచ్చింది. హిందువుగా చావనని 1935లో బాబాసాహెబ్ ప్రకటించారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసినప్పుడు, మేం మీలో కలిస్తే అందరం ఒకే సంఘంగా ఉంటామా, కులం పీడ వదులుతుందా అని అంబేద్కర్ అడిగారట. అయ్యగారు సిగ్గుపడ్డారట. జవాబు చెప్పలేకపోయారట.

ఆ జవాబు ఇంకా బాకీయే. మేం తిరిగిన ఊళ్ళలో మాలపేటకో గుడి, మాదిగపేటకో గుడి చూశాం. ప్రభువు ఒక్కడే, బల్లలు రెండు! 1950 నాటి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కుల హోదా ఇచ్చింది. 1956లో సిక్కు దళితులనీ, 1990లో బౌద్ధ దళితులనీ చేర్చారు. క్రైస్తవ దళితుల్ని వదిలేశారు. బాప్తిస్మంతో కులం పోయిందంటుంది చట్టం. పోయిందో లేదో ఊరి కామందుకు తెలుసు, మనకీ తెలుసు.

సర్కారును అడుగుదాం, గట్టిగా అడుగుదాం. అయితే రెండు బల్లలు పెట్టుకొని అడిగితే మన గొంతు ఎంత దూరం పోతుంది? వచ్చే క్రిస్మసుకు ఒక పేటవాళ్ళు ఇంకో పేట గుడికి వెళ్దాం. ఒకే బంతిలో కూర్చొని తిందాం. అయ్యగారి బాకీ అక్కడ తీర్చడం మొదలుపెడదాం.

జై భీమ్!