రేణిగుంట రన్‌వే, మన పేట బస్టాండు



మాస్టారు మాకు భూగోళం చెప్పారు. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు పాఠం ఆపేసి, అందర్నీ మైదానంలో తూర్పు ముఖంగా నిలబెట్టేవారు. పొగ చెదిరిపోయాక, "మరి విమానం ఎక్కాలంటే ఎటు పోవాలిరా?" అని అడిగేవారు. "మద్రాసుకు సార్" అని ఒక్క గొంతుతో అరిచేవాళ్లం. "పడమట రేణిగుంటలోనూ ఒకటుంది, మరిచిపోకండి" అనేవారాయన. ఆయన పేరిట పెట్టిన ఈ ఉపన్యాసంలో ఆ పడమటి కబురే చెబుతాను.

శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ 1971 అక్టోబరు 9న లేచింది. రేణిగుంట విమానాశ్రయం కూడా ఆ దశాబ్దంలోదే. అయితే ఒకదానికి కావలసింది మరోదానికి అక్కర్లేదు. రాకెట్‌కు తూర్పున మనుషుల్లేని సముద్రం ఉండాలి, భూమధ్యరేఖ మరీ దూరం కాకూడదు. అప్పుడు భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది. విమానానికి కావలసింది చదునైన, పొడవాటి నేల. నేల అనగానే మాస్టారు "ఎవరిది?" అని అడిగేవారు. షార్ రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి వదిలి వచ్చిన యానాది కుటుంబాలను ఎరిగిన ఊరు మన సూళ్లూరుపేట. ఆ ప్రశ్న మనకు కొత్త కాదు.

రేణిగుంట రన్‌వే చాలాకాలం 2,286 మీటర్లు. ఈ అంకె దగ్గర కాస్త ఆగుతాను. మన వైపు ఏప్రిల్, మే ఎండలు మీకు చెప్పక్కర్లేదు. వేడికి గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకు ఆనిక తగ్గుతుంది, ఇంజన్ సత్తువా తగ్గుతుంది. అంత బరువూ పైకి లేవాలంటే ఇంకా దూరం పరుగెత్తాలి. హైదరాబాదు పోయే విమానం కొద్దిపాటి ఇంధనంతో తేలిగ్గా లేచిపోతుంది. దూరదేశానికి ట్యాంకు నింపుకుని బయల్దేరే భారీ విమానానికి ఆ నేల చాలదు. ఇంధనమో, సరుకో, మనుషులో, ఏదో ఒకటి దించుకోవాలి. రన్‌వేను 3,810 మీటర్లకు పెంచాలన్న పథకం ఇందుకే వచ్చింది. పత్రికలు మాత్రం అద్దాల టెర్మినల్ ఫొటోలే వేస్తాయి. తారు నేలను ఎవరు చూస్తారు!

ఆ టెర్మినల్‌ను ప్రధాని మోదీ 2015 అక్టోబరు 22న ప్రారంభించారు. అమరావతికి శంకుస్థాపన జరిగిందీ ఆ రోజే. టెర్మినల్‌కు గరుడ అని పేరు పెట్టారు. రద్దీ వేళ 700 మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టారు. స్వామి వాహనం పేరు పెట్టాక మనుషులకు కొదవ ఉంటుందా? తిరుమల కొండకు వచ్చే భక్తులే ఈ విమానాశ్రయానికి బలం. నా దృష్టిలో దాని పరిమితీ అదే. యాత్రికుణ్ణి లెక్కలో పెట్టుకుని కట్టిన చోట సూళ్లూరుపేట రైతూ, నాయుడుపేట వ్యాపారీ లెక్కకు రారు.

2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. హోదా వచ్చినంత మాత్రాన గల్ఫ్ విమానాలు వచ్చి వాలవు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కావాలి. ఏ దేశం వాళ్లు మన దేశంలో ఏయే ఊళ్లలో దిగవచ్చో, వారానికి ఎన్ని సీట్లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. ఆపైన సీట్లు నిండుతాయని విమాన సంస్థకు నమ్మకం కుదరాలి. రాజంపేట, రాయచోటి నుంచి కువైట్‌కు పోయే ఆడబిడ్డలు ఇన్నేళ్లూ పెట్టెలు కట్టుకుని మద్రాసు బస్సే ఎక్కారు.

మనుషుల సంగతి అలా ఉంచండి. మన దగ్గర నుంచి అంతరిక్షానికి పోయే విదేశీ ఉపగ్రహాలు కూడా చెన్నైలోనే విమానం దిగి, పెద్ద పెద్ద లారీల మీద మన పేట మీదుగా పులికాట్ దాటి షార్‌కు చేరతాయి. 2022 అక్టోబరు 23న ఒకేసారి 36 వన్‌వెబ్ ఉపగ్రహాలను ఇక్కణ్ణించే వదిలారు. కక్ష్యకు పోయేదానికైనా ముందు భారీ సరుకు విమానం దిగేంత రన్‌వే, దాని పక్కన గోదాము, అక్కణ్ణించి మంచి రోడ్డు కావాలన్నమాట.

అదే 2022లో, ఏప్రిల్ 4న మనం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారాం. ఉత్తరానికి పోయే అర్జీలు పడమటికి తిరిగాయి. రేణిగుంట మన జిల్లా విమానాశ్రయమైంది. విమానం ఎక్కేవాళ్లు మాత్రం దారి మార్చుకోలేదు. చెన్నైకి లోకల్ రైలుంది, జాతీయ రహదారి ఉంది, ఏ వేళకైనా ఏదో ఒక విమానముంది. అలవాటు ఊరికే పడదు కదా. రేణిగుంట రన్‌వేకు ఎన్ని మీటర్లు కలిపారని అడుగుతూనే, తెల్లవారుజాము విమానానికి మన బస్టాండు నుంచి ఏ బస్సు ఉందనీ అడగాలి. విస్తరణ పథకాల్లో ఈ రెండో ప్రశ్నకు పద్దు నాకెక్కడా కనపడలేదు.

మాస్టారి మాట నిలబెడదామని ఆమధ్య హైదరాబాదుకు రేణిగుంట నుంచే బయల్దేరాను. తిరుపతి బస్సెక్కి, నాయుడుపేట, శ్రీకాళహస్తి దాటి, రేణిగుంటలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆకాశంలో పట్టిన సమయం కంటే నేల మీద పట్టిందే ఎక్కువ. ఆటో అబ్బాయి పెట్టె లోపల పెడుతూ ఏ ఊరని అడిగాడు. సూళ్లూరుపేట అన్నాను.

"పేట నుంచా? మీవాళ్లంతా మద్రాసుకు కదా సార్ పోయేది!" అన్నాడు.