ఒకటి రెండు చోట్ల

వార్తల చివర వాతావరణ సూచన చదువునప్పుడు మేము నిత్యము పలుకు మాటలు కొన్ని కలవు: ‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’, ‘అనేక చోట్ల’. ఇవి మాట తప్పించుకొనుటకు కల్పించినవని శ్రోతలలో పలువురి అభిప్రాయము. “వాన వచ్చునంటిరి, మా కోరుట్లలో చినుకైనను రాలలేదు” అని నిష్ఠురమాడువారును గలరు. ఆ మాటల వెనుక కొలత యున్నదని తెలిసినచో ఈ నిష్ఠురము కొంత తగ్గునేమో.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ప్రతిదినము దేశమంతటికిని నివేదిక వెలువరించుచున్నది. ఉదయము 8.30 గంటలకు వర్షమాపకములలోని నీటిని కొలిచి ముందటి 24 గంటల వానను లెక్కకట్టుదురు. దానికి ఉపగ్రహముల, రాడారుల సమాచారమును జతపరచి, ఏ జిల్లాకు పిడుగులు, వడగండ్లు, వడగాడ్పులు, భారీ వర్షములు రానున్నవో సూచింతురు. ‘ఒకటి రెండు చోట్ల’ అనగా ఆ ప్రాంతపు కేంద్రములలో నూటికి 25కు మించకుండ అని అర్థము. 26 మొదలు 50 వరకు ‘కొన్ని చోట్ల’, 75 వరకు ‘అనేక చోట్ల’, ఆపైన ‘దాదాపు అన్ని చోట్ల’. ‘భారీ’ యనునదియు వట్టి విశేషణము కాదు. ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని భారీ వర్షము, 115.6 మొదలుకొని అతి భారీ, 204.5 మొదలుకొని అత్యంత భారీ.

కనుక ‘జగిత్యాల జిల్లాలో ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షము’ అన్నప్పుడు మొదటి మాట విని ఊరట చెందరాదు. కురియునది కొద్ది చోట్లనే. కురిసినచోట మాత్రము కొద్దిగా కురియదు.

2021 సెప్టెంబరు 7న సిరిసిల్ల వీధులే వాగులైనవి. మరమగ్గము నేలమీదనే యుండును. నూలు కండెలు, నేసిన గుడ్డ అటక మీదికి చేర్చుటకు అరగంట చాలును. గుమ్మములోనికి నీరు వచ్చిన పిమ్మట ఆ అరగంట దొరకదు.

ఆ జిల్లాలోనే నర్మాల యున్నది. ఎగువ మానేరు జలాశయము అక్కడనే. 2025 ఆగస్టు చివరి వారమున కామారెడ్డి వైపు కుండపోతగా కురియగా నర్మాల వద్ద మానేరు పొంగినది. ప్రవాహము నడుమ చిక్కుకొన్న ఐదుగురిని వాయుసేన హెలికాప్టరు తెచ్చి రక్షింపవలసి వచ్చినది. ఏటి ఒడ్డున నుండువారు తమ జిల్లా పేరు వచ్చువరకు విని రేడియో కట్టివేయుట చాలదు. ఎగువ జిల్లా పేరు కూడ వినవలెను. నీటికి జిల్లా సరిహద్దులు తెలియవు గదా!

రంగుల విషయమునను ఒక పొరపాటు ప్రబలియున్నది. పసుపుపచ్చ అనగా గమనించుచుండుడని, నారింజ అనగా సిద్ధముగా నుండుడని, ఎరుపు అనగా వెంటనే పూనుకొనుడని అర్థము. ఎరుపు వచ్చిన పిమ్మట సిద్ధపడుదమనుకొనువారు మధ్యనున్న మెట్టును దాటవేసినట్లే. కోరుట్ల ప్రాంతపు రైతునకు మార్చి మాసమున పసుపుపచ్చ హెచ్చరికయే చాలును: ఉడికించిన పసుపు కల్లములో ఆరుచున్నప్పుడు ఒక్క జల్లు పడినను రంగు చెడును, ధర పడిపోవును. ఉరుములు మెరుపులకు సంబంధించి రాబోవు మూడు గంటలకు మాత్రమే వర్తించు సూచన వేరుగా వెలువడును. పట్టాలు కప్పుటకు అక్కరకు వచ్చునది ఇదియే. జగిత్యాల మామిడితోటలను వడగండ్ల నుండి కాపాడు పట్టా మాత్రము లేదు. పక్వమైన కాయను ముందుగా దింపుకొనుట యొక్కటే మిగులును. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము వాతావరణమును బట్టి సాగు సలహాలు వెలువరించుచున్నది. అవియు వినదగినవి.

ఇక మా తప్పు మేము ఒప్పుకొనవలెను. సమయము చాలక, సూచన చివరనున్న జిల్లాల పేర్లను మేము పరుగున చదివివేయుట కద్దు. ఆ పేర్లలోనే సిరిసిల్ల యుండును, జగిత్యాల యుండును. అచ్చట నిదానింపవలెనని మాలో మేము అనుకొనుచున్నాము.